గైడ్ ఉంటే అనుభవం లేకున్నా ఫరవాలేదా? కాట్మాయ్ కయాక్, కాలినడక యాత్ర గురించి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీకు 46 ఏళ్లు. రోజూ నడుస్తారు, కొండలెక్కే అలవాటుంది. ఈత వచ్చు కానీ కొలనులోనే. కయాక్‌లో ఎన్నడూ కూర్చోలేదు. అలాస్కాలోని కాట్మాయ్ జాతీయ ఉద్యానంలో గైడ్‌తో 12 రోజుల యాత్ర ప్రకటన ఒకటి చూశారు. మొదట సరస్సుల మీద కయాక్, ఆ తరువాత 1912లో అగ్నిపర్వతం బద్దలైన లోయలో నడక. అందులో రాసిన “పూర్వానుభవం అవసరం లేదు” అన్న మాటను నమ్మవచ్చా, అంత డబ్బు పెట్టవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. వెళ్ళవచ్చు. అనుభవం లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. అయితే రెండు షరతులు. ఒకటి, బయలుదేరే ముందే బోల్తాపడిన కయాక్‌లోంచి బయటపడటం నేర్చుకుని ఉండాలి. రెండు, ప్రయాణ పట్టికలో ఖాళీ రోజులు లేని యాత్రకు డబ్బు కట్టకూడదు. నన్నడిగితే రెండోదే పెద్ద షరతు. ఆ ప్రాంతంలో కొన్ని వేసవులు సహాయ గైడ్‌గా పనిచేశాను. జనం ఇబ్బందుల్లో పడటం చూసినప్పుడల్లా దాని వెనుక ఎలుగుబంటి లేదు, అగ్నిపర్వతమూ లేదు. “ఈ రోజు ఎలాగైనా అక్కడికి చేరాలి” అన్న తొందర ఉంది.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతా సలహాలకు అర్థం ఉండదు.

1912 జూన్ 6న అక్కడ నోవరుప్టా అనే చోట భూమి బద్దలైంది. విస్ఫోటనం దాదాపు 60 గంటలు సాగింది. బయటికొచ్చిన పదార్థం పరిమాణాన్ని బట్టి ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచం చూసిన అతిపెద్ద విస్ఫోటనం అదే. 100 చదరపు కిలోమీటర్లకు పైగా లోయను మండుతున్న బూడిద, నురుగురాయి కప్పేశాయి. కొన్నిచోట్ల ఆ పొర మందం 200 మీటర్ల దాకా ఉందని అంచనా. విచిత్రం ఏమిటంటే, పేలింది నోవరుప్టా దగ్గర, కూలింది పది కిలోమీటర్ల దూరంలోని కాట్మాయ్ శిఖరం. దాని అడుగునున్న శిలాద్రవం ఇటువైపు పారి బయటపడటంతో పైనున్న కొండ లోపలికి కుంగిపోయింది. ఇప్పుడు అక్కడ ఒక గిన్నెలాంటి లోతు, దాని నిండా నీళ్ళు ఉన్నాయి. చాలాకాలం అందరూ కాట్మాయే పేలిందనుకున్నారు. 1950లలో గానీ అసలు లెక్క తేలలేదు.

నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ తరఫున వెళ్ళిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ గ్రిగ్స్ 1916లో ఈ లోయను చూశాడు. ఎటు చూసినా నేలలోంచి ఆవిరి స్తంభాలు లేస్తుంటే దానికి “పదివేల పొగల లోయ” అని పేరుపెట్టాడు. ప్రకటనల్లో ఈ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ముందే చెబుతున్నాను: ఆ పొగలు ఇప్పుడు లేవు. వేడి బూడిద కింద చిక్కిన నదుల నీరు, మంచు నీరు ఆవిరై వచ్చినవే అవన్నీ. బూడిద చల్లారాక కొన్ని దశాబ్దాల్లోనే దాదాపు అన్నీ ఆగిపోయాయి. నోవరుప్టా దగ్గర ఇప్పుడు కనిపించేది సుమారు 400 మీటర్ల వెడల్పు, 65 మీటర్ల ఎత్తు ఉన్న నల్లటి లావా గుట్ట. పొగలు చూద్దామని వచ్చి నీరసపడ్డవారిని చూశాను. ఆ బూడిదరంగు, గులాబి, పసుపు నేల మీద నిలబడి వందేళ్ళు దాటినా చెట్టన్నది మొలవని విస్తీర్ణాన్ని చూద్దామని వచ్చినవారెవరూ నిరాశపడలేదు. చంద్రుడి మీదికి పంపబోయే అపోలో వ్యోమగాములకు 1965, 1966లలో ఇక్కడే భూగర్భశాస్త్ర శిక్షణ ఇచ్చారంటే నేల స్వరూపం ఊహించుకోండి.

ఇక దారి. కాట్మాయ్‌కి రోడ్డు లేదు. ఆంకరేజ్ నుంచి విమానంలో కింగ్ సాల్మన్‌కు, అక్కడి నుంచి నీటి మీద దిగే చిన్న విమానంలో బ్రూక్స్ క్యాంప్‌కు వెళతారు. దిగగానే మొదట జరిగేది ఎలుగుబంట్ల మధ్య ఎలా మసలుకోవాలో చెప్పే తరగతి. అది అందరికీ తప్పనిసరి. తరువాత మీ ప్రకటనలో ఉన్నది బహుశా సవనోస్కి చుట్టుదారే. నాక్‌నెక్ సరస్సు ఉత్తర పాయ మీదుగా ద్వీపాల అఖాతానికి, అక్కడ పడవలు మోసుకుంటూ గ్రోవ్‌నర్ సరస్సుకు, ఆపై గ్రోవ్‌నర్ నది, సవనోస్కి నది దిగి, నాక్‌నెక్ సరస్సుదే మరో పాయ అయిన ఇలియుక్ పాయ గుండా మళ్ళీ బ్రూక్స్ క్యాంప్‌కు. మొత్తం సుమారు 130 కిలోమీటర్లు. ఆ తరువాత ఉద్యానం బస్సులో 37 కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద లోయ అంచుకు వెళ్ళి నడక మొదలుపెడతారు.

ఇప్పుడు లెక్క చూడండి. కొత్తవాళ్ళున్న గుంపు సామానుతో నిండిన కయాక్‌లలో గంటకు నాలుగయిదు కిలోమీటర్లకు మించి పోదు. రోజుకు 20 కిలోమీటర్లు హాయిగా సాగే దూరం. అంటే తెడ్డు వేయడానికే ఆరేడు రోజులు. లోయలో కనీసం మూడు నాలుగు రోజులు ఉండకపోతే నోవరుప్టా దాకా వెళ్ళి రావడం కష్టం. రాకపోకలకు చెరో రోజు. అప్పుడే 12 రోజులూ నిండిపోయాయి. మరి గాలి వీచే రోజులు ఎక్కడ?

గాలి తప్పకుండా వీస్తుంది. అలాస్కా ద్వీపకల్పానికి ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు బేరింగ్ సముద్రం. రెండు వైపులా వాయుపీడనం వేరుగా ఉన్నప్పుడు గాలి ఈ కొండల సందుల్లోంచే దూసుకొస్తుంది. లోయ పైనున్న కాట్మాయ్ కనుమ ఇందుకు పేరుమోసింది. సరస్సు పొద్దున అయిదింటికి కదలకుండా ఉంటుంది. పదకొండింటికి అదే నీటి మీద తెల్లటి నురగ అలలు. అందుకే మేము వెడల్పైన నీటిని దాటడం తెల్లవారుజామునే పెట్టుకుంటాం. మిగతా వేళల్లో ఒడ్డు వెంటే సాగుతాం. ఇలియుక్ పాయ మరీ జాగ్రత్తగా చూడాల్సింది. అక్కడ చాలాచోట్ల ఒడ్డు నిటారుగా ఉంటుంది, గాలి లేచాక దిగడానికి చోటు వెతుక్కోవడం చాలా ఇబ్బంది.

ఒకసారి ద్వీపాల అఖాతంలో మా గుంపు గాలికి చిక్కి రోజుల తరబడి కదల్లేకపోయింది. అందులో ఒక పెద్దమనిషికి తిరుగు విమానం బెంగ పట్టుకుంది. రోజుకు నాలుగుసార్లు ఒడ్డుకు వెళ్ళి చూసొచ్చి “ఇప్పుడు కాస్త తగ్గినట్టుంది” అనేవాడు. మా ప్రధాన గైడ్ ఆవిడ ప్రతిసారీ ఓపికగా కొండచరియ చివరిదాకా నడిచి, అవతల నీటిని చూసి, “లేదండి” అని ఒక్క మాట చెప్పి టీ కాచేది. అఖాతంలో నీరు నిజంగానే తగ్గింది. చరియ దాటాక మాత్రం అలలు అలాగే ఉన్నాయి. గైడ్‌కు డబ్బు ఇచ్చేది ప్రధానంగా ఆ “లేదండి” కోసమే. అయితే కార్యాలయంలో పట్టిక వేసినవారు ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచకపోతే ఆ మాట చెప్పడం ఎంత మంచి గైడ్‌కైనా కష్టమవుతుంది. ఆ యాత్రలో లోయ నడకను కత్తిరించుకోవలసి వచ్చింది. ఆ పెద్దమనిషి కోపం గైడ్ మీదికి పోయింది. పోవలసింది పట్టిక మీదికి.

కాబట్టి సంస్థను అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: “12 రోజుల్లో ఖాళీ రోజులు ఎన్ని? గాలికి మూడు రోజులు ఆగిపోతే ఏ భాగం వదిలేస్తారు?” వెంటనే స్పష్టంగా జవాబిస్తే మంచి గుర్తు. “అలా ఎప్పుడూ జరగలేదు” అంటే అక్కడితో మాట ఆపేయండి. నా అభిప్రాయంలో మీవంటివారికి పూర్తి చుట్టుదారి కంటే, ద్వీపాల అఖాతంలో ఒకే చోట మకాం వేసి నాలుగు రోజులు చుట్టుపక్కల తిరిగి, మిగిలిన రోజులు లోయకు ఇవ్వడం మేలు. చుట్టుదారి పూర్తిచేశామన్న గొప్ప ఉండదు, నిజమే. కానీ చిన్న చిన్న దీవుల మధ్య గాలి మాటున కయాక్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి నీరు ఆ చుట్టుపక్కల లేదు.

చల్లని నీటి సంగతికి వద్దాం. ఇక్కడి సరస్సుల్లో మంచు కరిగిన నీరు కలుస్తుంటుంది. పడితే ఈత వచ్చా రాదా అన్నది చాలా తరువాతి ప్రశ్న. చాలా చల్లని నీటి గురించి మేము అందరికీ చెప్పే లెక్క ఒకటుంది: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మొదటి నిమిషం ఊపిరి మీ అదుపులో ఉండదు, అప్పుడు చేయవలసిందల్లా నోట్లోకి నీరు పోకుండా చూసుకోవడం. ఆ తరువాత సుమారు పది నిమిషాలు చేతులు మీ మాట వింటాయి. ఒంట్లో వేడి దిగిపోయి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది, అదీ లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేల్చి ఉంచితేనే. అందుకే జాకెట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, బిగించి ఉండాలి. పడవ వెనుక తాడుకు కట్టి ఉంచిన జాకెట్ దండగ.

పొడి సూటు ఇస్తారా అని అడగండి. మెడ, మణికట్టుల దగ్గర నీరు చొరకుండా పట్టి ఉండే సూటు అది, లోపల ఉన్ని బట్టలు వేసుకోవాలి. వాన జాకెట్, పొడవు బూట్లతో సరిపెట్టే సంస్థలున్నాయి. ఒడ్డు పట్టుకుని పోయే రోజుల్లో అది చెల్లుతుంది. వెడల్పు నీరు దాటే యాత్రలో నేను ఒప్పుకోను.

మీరు ఇంటి దగ్గరే చేయగలిగినది: శిక్షకుడి సమక్షంలో కొలనులో కయాక్ ఎక్కి, నడుముకు స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీరు రాకుండా కూర్చునే చోటును కప్పే గుడ్డ) బిగించుకుని, కావాలని బోల్తా పడండి. తలకిందులుగా ఉన్నప్పుడు ముందుకు వంగి, స్కర్ట్ ముందు పట్టీ లాగి, తుంటి దగ్గర పడవను నెట్టి బయటికి రండి. మొదటిసారి భయమేస్తుంది. నాలుగోసారికి విసుగేస్తుంది. విసుగు వచ్చేదాకా చేయండి. ఆ తరువాత మరొకరి సాయంతో మళ్ళీ పడవలోకి ఎక్కడం. గైడ్ మీ పడవను నిలబెట్టి పట్టుకుంటాడు, కానీ నీళ్ళలోంచి కాళ్ళు తన్నుకుంటూ పైకి పాకవలసింది మీరే. ప్రకటనలో చెప్పని అనుభవం ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

మీ దారుఢ్యం గురించి నాకు బెంగ లేదు. కొండలెక్కేవారికి కాళ్ళు, ఊపిరి ఎలాగూ ఉంటాయి. తెడ్డు మాత్రం చేతులతో లాగేది కాదు, నడుము తిప్పి వేసేది. దూరపు పరుగులు పరిగెత్తే ఒకాయన మా గుంపులో ఉండేవాడు, గుండె బలానికి లోటు లేదు. తెడ్డును పిడికిలి బిగించి పట్టుకుని మణికట్లు వాచి, మూడో రోజుకు చెంచా పట్టుకోలేకపోయాడు. వేళ్ళు వదులుగా ఉంచడం, మొండెం తిప్పడం. ఈ రెండూ ఇంటి దగ్గర నేర్చుకుని వస్తే చాలు. ఇద్దరు కూర్చునే కయాక్ అడగండి. అది మరింత నిలకడగా ఉంటుంది, అలసిన రోజున వెనుకనున్నవారు లాక్కుపోతారు.

పడవలు మోసే దారి గురించి ఒక మాట. ద్వీపాల అఖాతం నుంచి గ్రోవ్‌నర్ సరస్సుకు 2.4 కిలోమీటర్లు. ప్రకటనలో ఇది ఒక వాక్యంలో అయిపోతుంది. కానీ సామాను, పడవలు అన్నీ చేరాలంటే ఒక్కొక్కరు మూడుసార్లు మోయాలి. మూడుసార్లు వెళ్ళడం, రెండుసార్లు వట్టిచేతులతో వెనక్కి రావడం, మొత్తం 12 కిలోమీటర్లు. అదీ బురదలో, దోమల మధ్య. దాన్ని ఒక పూర్తి రోజుగా లెక్కపెట్టుకోండి. దారి మొదట్లో రాయ్ ఫ్యూర్ అనే లిథువేనియా వేటగాడు 1926లో కట్టుకున్న దుంగల గుడిసె ఉంది. ముందుగా అనుమతి తీసుకుంటే అందులో రాత్రి గడపవచ్చు. వానలో ఆ గుడిసె తలుపు తెరిచినప్పుడు అందరి ముఖాలూ ఎలా వెలుగుతాయో నేను చెప్పక్కర్లేదు.

ఎలుగుబంట్ల గురించి మీరు అడగలేదు. అడగనందుకు సంతోషం, ఎందుకంటే చాలామంది అదొక్కటే అడుగుతారు. కాట్మాయ్‌లో సుమారు 2,200 గోధుమ ఎలుగుబంట్లు ఉన్నాయని ఉద్యానం అంచనా. కనబడతాయి, దగ్గరగానే కనబడతాయి. సాల్మన్ చేపలు దండిగా ఉన్నచోట వాటికి మనుషుల మీద పెద్ద ఆసక్తి ఉండదు. కనీసం 45 మీటర్ల దూరం ఉంచడం నియమం. తోవలో మాట్లాడుతూ నడవడం, ఎదురైతే పరిగెత్తకుండా నెమ్మదిగా తప్పుకోవడం ఒకటి రెండు రోజుల్లో అలవాటవుతాయి. నిజంగా కష్టమైనది వాసనల క్రమశిక్షణ. ఆహారమే కాదు, టూత్‌పేస్టు, పెదవులకు రాసుకునే మైనం, సబ్బు, చాక్లెట్ కాగితం అన్నీ ఎలుగుబంటి తెరవలేని డబ్బాల్లోకి వెళ్ళాలి. ఆ డబ్బాలు డేరాలకు దూరంగా ఉండాలి. ఒక రాత్రి మా కయాక్ కూర్చునే చోట ఎవరో నారింజ తొక్క వదిలేశారు. పొద్దున చూస్తే అంచు మీద పళ్ళ గాట్లు. రంధ్రం పడలేదు కాబట్టి సరిపోయింది. పడితే, ఊరు దూరంగా ఉన్న ఆ ఒడ్డున పడవ బాగుచేయడానికే ఒక రోజు పోయేది.

సవనోస్కి నది మాత్రం వేరే సంగతి. చేపల కాలంలో ఒడ్డున ఎలుగుబంట్లు చాలా ఎక్కువ. అక్కడ రాత్రి ఆగకుండా ఒకే రోజులో దిగిపోవడం పద్ధతి. నీరు బూడిద, హిమానీనదాల ఒండ్రుతో చిక్కగా ఉంటుంది, అడుగు కనబడదు. పాయలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి, ఒడ్డు కోసుకుపోయి నీటి మీదికి వాలిన చెట్లు ఉంటాయి. మీ సంస్థ ఆ నది మీద మకాం వేస్తామని పట్టికలో రాస్తే కారణం అడగండి. ఆ నది పేరుతో ఒక ఊరు కూడా ఉండేది. 1912లో బూడిద పడినప్పుడు అక్కడి సుగ్‌పియాక్ ప్రజలు ఊరు విడిచి నాక్‌నెక్ నది వైపు వెళ్ళిపోయారు, మళ్ళీ తిరిగి రాలేదు.

లోయలో నడక కయాక్ కంటే తేలిక అనుకోకండి. దూరాలు పెద్దవి కావు, ఎత్తూ తక్కువే. చిక్కంతా నీరు, గాలి, బూడిద.

నదుల మీద వంతెనలు లేవు. మొదటి రోజే విండీ క్రీక్ దాటాలి. మంచు కరిగి వచ్చే నీరు కాబట్టి తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నానికి ఎక్కువగా ఉంటుంది. వాన పడితే ఆ లెక్కా తప్పుతుంది. దాటేటప్పుడు వీపు సంచి నడుము పట్టీ విప్పేయాలి. పడితే సంచిని వదిలించుకోగలగాలి. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కర్ర ఆనించి, గుంపుగా కదలాలి. చెప్పులు విప్పి ఉత్తి కాళ్ళతో దిగకండి, అడుగున నురుగురాళ్ళు దొర్లుతుంటాయి. లీథీ నది ఇంకా మోసకారి. మెత్తటి బూడిద పొరను కోసుకుంటూ లోతైన, ఇరుకైన గండిగా పారుతుంది. కొన్నిచోట్ల ఒక గెంతుతో దాటేయవచ్చనిపించేంత ఇరుకు. గెంతకూడదు. అంచు కింద నేల తొలిచేసి ఉంటుంది, అందులో పడినవారిని బయటికి తీయడం దాదాపు అసాధ్యం. పైకి నడిచి నీరు పలచగా పరుచుకున్న చోట దాటడమే పద్ధతి. అందుకు రెండు గంటలు ఎక్కువ పట్టినా సరే.

లోయలో గాలి లేచినప్పుడు 1912 నాటి బూడిద మళ్ళీ పైకి లేస్తుంది. అతిశయోక్తి కాదు, ఇప్పటికీ గాలి బలంగా ఉన్న రోజుల్లో ఆ బూడిద మేఘం సముద్రం దాటి కోడియాక్ ద్వీపం వైపు పోతుంటే విమానాలకు హెచ్చరికలు ఇస్తారు. అది పొయ్యి బూడిద కాదు, సన్నటి గాజు పొడి. కళ్ళను పూర్తిగా మూసే అద్దాలు, మూతికి మాస్కు తప్పనిసరి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారైతే అవి మానేసి కళ్ళజోడు తెచ్చుకోండి. డేరా జిప్పులు, కెమెరా, పొయ్యి సూది రంధ్రం అన్నిట్లోనూ అది చేరుతుంది. నీటి వడపోత పరికరం ఒక్క పూటలో మూసుకుపోతుంది. రాత్రి గిన్నెలో నీరు పట్టి ఉంచితే పొద్దునకు ఒండ్రు అడుక్కు దిగుతుంది, పైనీరు మాత్రం వంచుకుని వడపోయాలి.

డేరా వేయడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. మేకులు ఆ నేలలో నిలవవు. సరే, రాళ్ళు పెడదామని తలకాయంత రాయి ఎత్తబోతే అది ఒంటిచేత్తో లేస్తుంది. నురుగురాయి కదా, కొన్ని నీళ్ళలో వేస్తే తేలుతాయి కూడా. నాక్‌నెక్ సరస్సు ఒడ్డున తెల్లటి రాళ్ళు అలల మీద తేలుతుంటే మీరే చూస్తారు. సంచుల్లో బూడిద నింపి, వాటికి తాళ్ళు కట్టి, మోచేతి లోతున పాతిపెడితేనే డేరా ఆగుతుంది.

అగ్నిపర్వతం మళ్ళీ పేలితే? ఈ ప్రశ్న మీ ఇంట్లోవాళ్ళు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఆ కొండలన్నిటినీ అలాస్కా అగ్నిపర్వత పరిశీలన కేంద్రం కనిపెట్టి ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు సంకేతాలతో స్థితిని ప్రకటిస్తుంది. లోయ పక్కనే ఉన్న ట్రైడెంట్ అనే అగ్నిపర్వతం 1953 నుంచి 1974 దాకా అప్పుడప్పుడూ విస్ఫోటనం చెందింది. 2022లో దాని కింద భూకంపాల కదలిక పెరిగి పసుపు సంకేతం ఇచ్చారు. బయలుదేరే వారం ముందు ఆ కేంద్రం ప్రకటన చూసుకోండి, సంస్థ చూస్తుందో లేదో కూడా అడగండి. అంతకు మించి దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఏ నెల? బ్రూక్స్ క్యాంప్ జూన్ మొదటి నుంచి సెప్టెంబరు మధ్య దాకా తెరిచి ఉంటుంది. జూలైలో సాకై సాల్మన్ చేపలు ఎదురీదుతాయి. బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగుబంట్లు, వాటిని చూసే జనం, దోమలు, అన్నీ అప్పుడే ఎక్కువ. జూన్‌లో పగలు చాలా పొడవు, కానీ లోయ పైభాగంలో ఇంకా మంచు ఉంటుంది. నేనైతే ఆగస్టు మొదటి సగం ఎంచుకుంటాను. జనం తగ్గుతారు, దోమలూ కొంత తగ్గుతాయి, మంచు కరిగిపోయి ఉంటుంది. వానలు మాత్రం తప్పవు. నెల ఏదైనా పగలు 15 డిగ్రీల చుట్టూ ఉంటే మంచి రోజు కిందే లెక్క. నూలు బట్టలు తేవద్దు, తడిస్తే ఆరవు.

సంస్థను అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. జాతీయ ఉద్యానంలో డబ్బు తీసుకుని యాత్రలు నడపడానికి నేషనల్ పార్క్ సర్వీస్ అనుమతి కావాలి. అది కాట్మాయ్‌కే ఉందా అని చూడండి, అలాస్కాలో మరో ఉద్యానానికి ఉంటే చాలదు. గైడ్లు ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉండి ఆయన కాలే విరిగితే? ఇద్దరికీ మారుమూల ప్రాంతాల ప్రథమ చికిత్సలో వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ స్థాయి శిక్షణ ఉండాలి. అక్కడ మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఉపగ్రహ ఫోనో, సందేశాలు పంపే ఉపగ్రహ పరికరమో ఎన్ని ఉన్నాయో అడగండి. అత్యవసర తరలింపు ఖర్చు మీ బీమాలో ఉందో లేదో కాగితం చదివి చూసుకోండి. ఉన్నా కూడా, వాతావరణం బాగాలేకపోతే విమానం రాదు. గాయం చిన్నదైనా ఒకటి రెండు రోజులు అక్కడే ఉండవలసి రావచ్చు. ఈ విషయం దాచకుండా చెప్పే సంస్థను నేను ఎక్కువగా నమ్ముతాను.

ఎవరైనా ఇదే ఖర్చుతో అనియాక్‌చాక్ చూపిస్తామంటే ఊరించుకోకండి. ఇక్కడికి నైరుతిలో పది కిలోమీటర్ల వెడల్పున్న అగ్నిపర్వత బిలం అది. లోపలి సరస్సు నుంచి నది బయలుదేరి బిలం గోడను చీల్చుకుని పసిఫిక్‌లో కలుస్తుంది. అద్భుతమైన ప్రయాణమే. కానీ బిలం గోడ చీలిక దగ్గర నీరు వేగంగా రాళ్ళ మధ్య దూకుతుంది, లోపల మేఘాలు కమ్ముకుంటే విమానం రోజుల తరబడి దిగలేదు. అది రెండో యాత్రకో మూడో యాత్రకో ఉంచుకోండి.

సామాను విషయంలో చిన్న చిక్కులు. కయాక్ అరల మూతులు చిన్నవి. ఒకే పెద్ద సంచి పట్టదు, 10, 20 లీటర్ల నీరు చొరని సంచులు నాలుగయిదు కావాలి. లోయ నడకకు పెద్ద వీపు సంచి కూడా కావాలి కాబట్టి లోపల ఇనుప చట్రం లేనిది, చుట్టి అరలో దోపగలిగినది చూడండి. చిన్న విమానంలో మిమ్మల్ని, సామానును తూకం వేస్తారు. ముందు చెప్పిన బరువుకు మించితే ఏదో ఒకటి ఒడ్డునే ఉండిపోతుంది. ఎలుగుబంట్లను తరిమే మిరప స్ప్రే, పొయ్యి ఇంధనం ప్రయాణికుల పెద్ద విమానాల్లో చేతి సంచిలోనూ లగేజీలోనూ ఒప్పుకోరు. అవి అక్కడికి చేరాకే కొనాలి, చిన్న విమానం పైలట్‌కు ముందుగా చెప్పాలి.

ఆఖరుగా టికెట్లు. కింగ్ సాల్మన్ నుంచి తిరుగు విమానాన్ని యాత్ర ముగిసిన రోజుకే పెట్టుకోవద్దు. మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి. మంచు పొగ పడితే నీటి విమానాలు లేవవు, బ్రూక్స్ క్యాంప్‌లోనే ఇరుక్కుపోతారు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు అదనంగా పెట్టే డబ్బు ఈ మొత్తం ఖర్చులో చాలా చిన్నది. సంస్థ వేసిన రోజువారీ పట్టికను ఇక్కడ పెట్టండి, ఏ రోజు ఎక్కడ బిగువుగా ఉందో చూసి చెబుతాను.